దేశం పంపని సినిమా, ఆస్కార్ తెచ్చిన పాట

2022 సెప్టెంబరు 20వ తేదీన ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వారు, ఆ ఏటి ఆస్కార్ పోటీకి భారతదేశం తరఫున 'ఛెల్లో షో' అనే గుజరాతీ చిత్రాన్ని పంపుతున్నట్లు ప్రకటించారు. రాజమౌళి 'ఆర్ఆర్ఆర్' తప్పక వెళుతుందని నమ్మి ఉన్న తెలుగువారికి ఆ వార్త మింగుడుపడలేదు. ఆరు నెలలు తిరగకుండానే, 2023 మార్చి 12న (మనకు 13వ తేదీ ఉదయం), లాస్ ఏంజెలెస్ నగరంలో అదే సినిమాలోని 'నాటు నాటు' పాటకు ఆస్కార్ లభించింది. దేశం పంపని సినిమాకు ఆ పురస్కారం ఎట్లా వచ్చింది? వచ్చినప్పుడు ఇద్దరి పేర్లు మాత్రమే ఎందుకు పిలిచారు? పాడినవారికి, ఆడించినవారికి ఏమి దక్కింది? రచ్చబండల మీదా పెళ్లిపందిళ్లలోనూ ఇప్పటికీ వినవచ్చే ప్రశ్నలివి. వీటికి జవాబు దొరకాలంటే ముందుగా నామినేషన్ అనే మాటకు సరైన అర్థం తెలియాలి.

జాబితాలో పేరు వేరు, నామినేషన్ వేరు

సరిహద్దు ఊళ్లలో రెండు భాషల పత్రికలు చదివే అలవాటు మన పాఠకులకు ఉన్నది. 2023 జనవరి నెలలో వచ్చిన వార్తలను గుర్తు చేసుకొంటే ఆనాటి అయోమయం తెలుస్తుంది. 'కాంతార', 'విక్రాంత్ రోణ' ఆస్కార్ జాబితాలో చేరాయని కన్నడంలో రాశారు. 'ఇరవిన్ నిళల్' చేరిందని తమిళంలో రాశారు. 'మీ వసంతరావ్' చేరిందని మరాఠీలో రాశారు. 'ఆర్ఆర్ఆర్' చేరిందని మనమూ రాసుకొన్నాము. అన్నీ నిజాలే. అయితే ఆ జాబితాలో ఉన్న సినిమాలు మొత్తం 301. అది అర్హుల జాబితా మాత్రమే. అమెరికాలో నిర్ణయించిన ఆరు మహానగర ప్రాంతాలలో ఏదో ఒకచోట వరుసగా ఏడు రోజులు సినిమా హాలులో ప్రదర్శించి, కాగితాలు సక్రమంగా దాఖలు చేసిన ప్రతి నిడివి చిత్రానికీ అందులో చోటు ఉంటుంది. ఓటర్ల జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన సర్పంచి అయినట్లు కాదు కదా! 2021లో 'సూరరై పోట్రు' చేరిన జాబితాలో 366 చిత్రాలు, 2022లో 'జై భీమ్' చేరిన జాబితాలో 276 చిత్రాలు ఉన్నాయి. రెండింటిలో ఏ ఒక్కదానికీ నామినేషన్ రాలేదు. వచ్చినట్లు భావించి టపాకాయలు కాల్చినవారికి తరువాత కలిగిన నిరాశను 'అన్యాయం' అనడం సరికాదు. వారిని నిరాశపరచినది పత్రికల శీర్షికే.

అర్హుల జాబితా తరువాతి మెట్టు షార్ట్‌లిస్ట్, అంటే వడపోత జాబితా. అన్ని విభాగాలకూ ఇది ఉండదు. పాట, సంగీతం, విజువల్ ఎఫెక్ట్స్, అంతర్జాతీయ చిత్రం వంటి కొన్ని విభాగాలకే ఉంటుంది. దాని తరువాతిది నామినేషన్. సాధారణంగా ఒక్కొక్క విభాగానికి ఐదు. ఉత్తమ చిత్రానికి మాత్రం పది. 'నాటు నాటు' పాట ప్రయాణాన్ని అంకెలలో చూస్తే విషయం తేటపడుతుంది. ఆ సంవత్సరం అర్హత పొందిన పాటలు 81. 2022 డిసెంబరు 21న అవి 15 అయ్యాయి. 2023 జనవరి 24న 5 అయ్యాయి. ఆ ఐదింటిలో 'టాప్ గన్: మావరిక్', 'బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్' వంటి భారీ చిత్రాల పాటలు ఉన్నాయి. ఒకటి లేడీ గాగా, మరొకటి రిహానా పాడినవి. 'చెప్పడానికి పేరు కూడా తెలియని భాష' పాట ఒకటి వాటి సరసన నిలవడమే ఆ ఏటి అనూహ్యాలలో పెద్దది.

ఇక్కడ ఓటు వేసేవారు ఎవరన్నది కూడా తెలుసుకోదగినది. అకాడమీలో వృత్తుల వారీగా శాఖలు ఉన్నాయి. పాటకు నామినేషన్ ఇచ్చేది సంగీత శాఖ సభ్యులు, దర్శకులకు ఇచ్చేది దర్శకుల శాఖ, నటులకు ఇచ్చేది నటుల శాఖ. చివరి ఓటు మాత్రం అన్ని శాఖలవారూ వేస్తారు. కనుక నామినేషన్ అంటే తోటి పనివారి మెప్పు. కుమ్మరి కుండను కుమ్మరి చూసి మెచ్చడం వంటిది.

దేశానికి ఒకే టికెట్

అంతర్జాతీయ చిత్రం అనే విభాగం వీటన్నిటికీ భిన్నమైనది. (2019 వరకు దీనిని విదేశీ భాషా చిత్రం అనేవారు.) ఇందులో పోటీ చేసేది సినిమా కాదు, దేశం. ఒక్కొక్క దేశం ఒక్క చిత్రాన్ని మాత్రమే పంపాలి. ఇరవైకి పైగా భాషలలో సినిమాలు తీసే భారతదేశానికీ ఒకటే, ఒకే భాషలో తీసే చిన్న దేశానికీ ఒకటే. మన దేశంలో ఆ ఎంపిక చేసే ఫిల్మ్ ఫెడరేషన్ ప్రభుత్వ శాఖ కాదు. అది చిత్రపరిశ్రమ సంఘాల సమాఖ్య. నిర్మాతలు తమ చిత్రాలను రుసుము కట్టి సమర్పిస్తే, ఏటేటా నియమించే ఒక కమిటీ వాటిని చూసి ఒకదానిని ఎంచుతుంది. 2022 కమిటీకి కన్నడ దర్శకుడు టి.ఎస్. నాగాభరణ అధ్యక్షులు.

ఈ విభాగం 1950లలో మొదలైన నాటి నుండి భారతదేశం పంపిన చిత్రాలలో ఎక్కువ భాగం హిందీవి. నామినేషన్ దాకా వెళ్లినవి మూడు: 1958లో 'మదర్ ఇండియా', 1989లో 'సలామ్ బాంబే', 2002లో 'లగాన్'. పురస్కారం ఒక్కదానికీ రాలేదు. 'మదర్ ఇండియా' ఒకే ఓటు తేడాతో ఇటలీ చిత్రం 'నైట్స్ ఆఫ్ కబీరియా' చేతిలో ఓడిపోయిందని అరవై ఏళ్లకు పైబడి చెప్పుకొంటూనే ఉన్నారు.

మిగిలిన భాషల లెక్క మన సరిహద్దు కుటుంబాలకు మరింత ఆసక్తికరం. తమిళం 'దైవమగన్' (1969)తో మొదలుపెట్టి 'నాయకన్', 'అంజలి', 'తేవర్ మగన్', 'ఇండియన్', 'జీన్స్', 'హే రామ్', 'విసారణై' మీదుగా 2021 నాటి 'కూళాంగల్' వరకు సుమారు పది సార్లు వెళ్లింది. మలయాళం నాలుగు సార్లు వెళ్లింది. మరాఠీ 'శ్వాస్', 'హరిశ్చంద్రాచీ ఫ్యాక్టరీ', 'కోర్ట్' చిత్రాలతో మూడు సార్లు వెళ్లింది. కన్నడానికి ఒక్కసారీ ఆ అవకాశం రాలేదు. తెలుగుకు వచ్చింది ఒక్కసారి మాత్రమే. అది 1986లో కె. విశ్వనాథ్ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన 'స్వాతిముత్యం'. దానికి నామినేషన్ లభించలేదు. ఆ ఒక్క తెలుగు చిత్రంలో కథానాయకుడు తమిళుడైన కమల్ హాసన్ కావడం, ఆ మరుసటి ఏడు ఆయనే 'నాయకన్'తో తమిళం తరఫున వెళ్లడం ఇటు చిత్తూరులోనూ అటు వేలూరులోనూ ఉన్న మన వారికి ముచ్చట గొలిపే సంగతి. 'శంకరాభరణం', 'సాగరసంగమం' వంటివి వెళ్లలేదేమని అడిగేవారికి జవాబు చెప్పడం కష్టం.

ఇంతకూ 2022లో జరిగినది అన్యాయమేనా? ఈ వ్యాసకర్త అభిప్రాయంలో సగం మాత్రమే. పాన్ నలిన్ తీసిన 'ఛెల్లో షో' తీసివేయదగిన చిత్రం కాదు. సౌరాష్ట్ర పల్లెలో టీ అమ్ముకొనే తండ్రి, ప్రొజెక్టర్ గదిలో కూర్చుని సినిమా చూడడానికి అమ్మ చేసిన అన్నం డబ్బా లంచంగా ఇచ్చే పిల్లవాడు, రీలు పోయి డిజిటల్ రావడంతో వంటపాత్రలుగానూ గాజులుగానూ కరిగిపోయే పాత సామగ్రి, ఇదీ దాని కథ. టూరింగ్ టాకీసులు చూసి పెరిగిన మన ఊళ్లవారికి ఆ పిల్లవాడు పరాయివాడు కాడు. 92 దేశాలు పోటీపడిన ఆ ఏడు అది 15 చిత్రాల షార్ట్‌లిస్ట్‌లో నిలిచింది. నామినేషన్ మాత్రం రాలేదు. కనుక కమిటీవారు కళ్లు మూసుకొని ఎంచారనడం తప్పు.

అయితే రెండవ సగం ఉన్నది. దేశం తరఫున పంపేది మన దృష్టిలో ఉత్తమమైనదా, లేక అక్కడ ఓటు వేసేవారి మనసుకు చేరగలదా అన్న ప్రశ్నను ఈ కమిటీలు ఏళ్ల తరబడి తేల్చుకోలేదు. అకాడమీ సభ్యులు వేల సంఖ్యలో ఉంటారు. వారి చేత సినిమా చూపించాలంటే అమెరికాలో పంపిణీదారు కావాలి, ప్రచారానికి డబ్బు కావాలి, అప్పటికే నలుగురి నోట నానుతూ ఉండాలి. 2013లో ఈ మూడూ ఉన్న 'ది లంచ్‌బాక్స్'ను పక్కనపెట్టి గుజరాతీ చిత్రం 'ది గుడ్ రోడ్'ను పంపారు. అది షార్ట్‌లిస్ట్‌కు కూడా చేరలేదు. 2024లో మరీ విడ్డూరం జరిగింది. పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' కాన్ ఉత్సవంలో రెండవ అత్యున్నతమైన గ్రాండ్ ప్రీ గెలిచి వచ్చినా, కమిటీ 'లాపతా లేడీస్' వైపు మొగ్గింది. అదీ షార్ట్‌లిస్ట్‌లో కనబడలేదు. పాయల్ చిత్ర నిర్మాణంలో ఫ్రాన్స్ భాగస్వామి కనుక ఆ దేశమైనా పంపవచ్చు. అక్కడ కూడా మరొక చిత్రానికే చోటు దక్కింది. రెండు దేశాల గడపల దగ్గరా ఆగిపోయిన ఆ సినిమాకు గోల్డెన్ గ్లోబ్స్‌లో రెండు నామినేషన్లు వచ్చాయి. వాటిలో ఒకటి ఉత్తమ దర్శకత్వానికి.

రెండవ వాకిలి

'ఆర్ఆర్ఆర్' 2022 మార్చి 25న విడుదలైంది. సాధారణంగా మన సినిమాలు అమెరికాలో మన వాళ్లు చూసి ఊరుకొంటారు. దీనిని అక్కడివారు చూశారు. జూన్ 1న వేరియన్స్ ఫిల్మ్స్ అనే సంస్థ మళ్లీ హాళ్లలో వేసింది. తెరముందు లేచి నాట్యమాడే అమెరికన్ల వీడియోలు ఇంటింటికీ చేరాయి. డిసెంబరులో న్యూయార్క్ విమర్శకుల సంఘం రాజమౌళిని ఉత్తమ దర్శకునిగా ఎంచింది. దేశం తరఫు టికెట్ దక్కకపోయినా, అమెరికా హాళ్లలో ఆడిన సినిమాగా మిగిలిన విభాగాలన్నిటిలో పోటీపడే హక్కు దానికి ఉన్నది. చిత్రం, దర్శకత్వం, నటన, ఛాయాగ్రహణం మొదలుకొని పదికి పైగా విభాగాలలో నిర్మాతలు దరఖాస్తు చేశారు. దేశం పంపని సినిమా ఆస్కార్‌కు వెళ్లిన దారి ఇదే. ఇందులో మర్మమేమీ లేదు, నియమావళిలో మొదటి నుండి ఉన్నదే.

ఈ దర్శకుని పుట్టుక సంగతి మన పత్రికలో రాయకుండా ఉండలేము. కుటుంబం గోదావరి తీరాన కొవ్వూరు వారిదైనా, ఆయన 1973 అక్టోబరు 10న జన్మించినది కర్ణాటకలోని రాయచూరు జిల్లా, అమరేశ్వర క్యాంపులో. 'క్యాంపు' అన్న మాటకు తుంగభద్ర ఆయకట్టు పాఠకులకు వివరణ అక్కరలేదు. కాలువ నీరు వచ్చాక కోస్తా జిల్లాల నుండి తరలివెళ్లి, రేగడి నేలల్లో వరి మడులు దిద్దుకొన్న తెలుగు రైతుల పల్లెలవి.

దరఖాస్తు చేసిన విభాగాలలో ఒక్క పాటకు మాత్రమే నామినేషన్ వచ్చింది. దర్శకత్వానికి రాలేదు. పులులు, తోడేళ్లు, మంటలతో నిండిన ఆ విరామ ఘట్టాన్ని సృష్టించిన విజువల్ ఎఫెక్ట్స్‌కు షార్ట్‌లిస్ట్‌లో సైతం చోటు దొరకలేదు. బ్రిటిష్ అకాడమీ తొలి జాబితాలో ఉంచి, నామినేషన్ల వేళకు తొలగించింది. గోల్డెన్ గ్లోబ్స్‌లో ఆంగ్లేతర చిత్రంగా నామినేషన్ ఇచ్చి, పురస్కారం 'అర్జెంటీనా, 1985'కు ఇచ్చారు. అక్కడ కూడా గెలిచినది పాటే. జనవరి 10న వచ్చిన ఆ గెలుపే ఆస్కార్ ఆశలకు ఊపిరి పోసింది.

పిలిచిన పేర్లు, పిలవని పేర్లు

ఆస్కార్ పాట పురస్కారం నియమం ప్రకారం బాణీ కట్టినవారికీ, సాహిత్యం రాసినవారికీ మాత్రమే చెందుతుంది. అందువల్ల వేదిక మీదికి ఎం.ఎం. కీరవాణి, చంద్రబోస్ వెళ్లారు. ఓరుగల్లు ప్రాంతపు చల్లగరిగ గ్రామంలో పుట్టిన చంద్రబోస్ ఆ పాటలో పేర్చినవి పొలం గట్టు మీదా, జాతర వీధిలోనూ దొరికే మాటలు. పట్నంలో చదువుకొన్న మన పిల్లలకే కొన్ని విప్పి చెప్పవలసి వస్తుంది. అటువంటి మాటలను ఉపశీర్షికల సాయంతో విని ఓటు వేసినవారు దేనికి ఓటు వేసినట్లు? దరువుకు, ఆటకు, ఇద్దరు నటుల కాళ్లు ఒక్కటై కదిలిన ఆ కదలికకు అని చెప్పక తప్పదు. కానీ ఆ కదలికను కూర్చిన ప్రేమ్ రక్షిత్ పేరు పురస్కారంలో లేదు. ఎన్‌టీఆర్, రామ్‌చరణ్‌లతో 2021 ఆగస్టులో యుక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరీన్‌స్కీ భవనం ముంగిట ఆ నృత్యాన్ని ఆయన చిత్రీకరింపజేశారు. ఆరు నెలలకు ఆ నగరం మీద బాంబులు పడ్డాయి.

ప్రేమ్ రక్షిత్‌కు ఎవరో మొండిచేయి చూపారని అనుకోనక్కరలేదు. ఆస్కార్‌లో నృత్య దర్శకత్వం అనే విభాగమే లేదు. ఒకప్పుడు ఉండేది. 1935, 1936, 1937 సంవత్సరాల చిత్రాలకు మూడేళ్లపాటు ఇచ్చి, ఎత్తివేశారు. 2009లో 'స్లమ్‌డాగ్ మిలియనేర్'లోని 'జై హో' పాటకు రెహమాన్, గుల్జార్ ఆస్కార్ అందుకొన్నప్పుడు కూడా, ఆ నృత్యం కూర్చిన లాంజైనస్ ఫెర్నాండెజ్ పేరు సినిమా టైటిళ్లలో పడనే లేదు. దర్శకుడు డానీ బాయిల్ వేదిక మీదనే ఆ పొరపాటు ఒప్పుకొన్నారు. ఈ రెండు పాటలకూ ఉన్న తేడా కూడా ఇక్కడ చెప్పవలసినదే. 'స్లమ్‌డాగ్' బ్రిటిష్ నిర్మాణం. భారతీయ చిత్రంలోని పాటకు ఆస్కార్ రావడం 'నాటు నాటు'తోనే మొదలు.

గాయకులు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ రాత్రి వేదికపై పాడారు. నృత్యం మాత్రం అక్కడి బృందం చేసింది. అందులో దక్షిణాసియా కళాకారులు లేరన్న విమర్శ అమెరికాలోని మన వారి నుండే గట్టిగా వచ్చింది. ఆ విమర్శ సబబైనదే. అంతటి పాటకు అడుగు వేయగల మన పిల్లలు ఆ దేశపు ప్రతి నగరంలోనూ ఉన్నారు.

జాతీయ పురస్కారాల తీరు వేరు

మన జాతీయ చలనచిత్ర పురస్కారాలకు నామినేషన్లు ఉండవు. 'జాతీయ అవార్డుకు నామినేట్ అయింది' అని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు. ప్రాంతీయ కమిటీలు తమ భాషల చిత్రాలను చూసి కొన్నిటిని పైకి పంపుతాయి, కేంద్ర కమిటీ తుది నిర్ణయం చేస్తుంది. మధ్యలో ఏ జాబితా బయటికి రాదు. లెక్కలోకి తీసుకొనేది విడుదల తేదీ కాదు, సెన్సారు ధ్రువపత్రం తేదీ. 2022లో విడుదలైన 'ఆర్ఆర్ఆర్' 2021వ సంవత్సరపు పురస్కారాలలో చేరడానికి కారణం అదే.

2023 ఆగస్టు 24న ప్రకటించిన ఆ 69వ పురస్కారాలలో 'ఆర్ఆర్ఆర్'కు ఆరు వచ్చాయి. ఆస్కార్ పట్టించుకోని నృత్య దర్శకత్వానికీ, విజువల్ ఎఫెక్ట్స్‌కూ, పోరాటాలకూ ఇక్కడ గుర్తింపు దొరికింది. ప్రేమ్ రక్షిత్‌కు జాతీయ పురస్కారం అట్లా అందింది. తమాషా ఏమంటే, ఆస్కార్ గెలిచిన చంద్రబోస్‌కు ఉత్తమ గేయ రచయితగా పురస్కారం 'నాటు నాటు'కు కాక 'కొండపొలం' చిత్రంలోని పాటకు వచ్చింది. చిత్తూరు యాసలో సంభాషణలు పలికిన 'పుష్ప'కు గాను అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యారు. తెలుగు చిత్రంలో నటనకు ఒక కథానాయకునికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. నటీమణులలో 'నిమజ్జనం'కు శారద, 'దాసి'కి అర్చన, 'కర్తవ్యం'కు విజయశాంతి ఏనాడో సాధించినదానిని మగవారు అందుకోవడానికి ఇంతకాలం పట్టింది. అదే రోజున తమిళనాట మరొక చర్చ నడిచింది. 'జై భీమ్'కు ఒక్క విభాగంలోనూ పురస్కారం రాలేదు. హోసూరు, తిరుత్తణి ప్రాంతాల మన కుటుంబాలలో ఒకే ఇంట ఒకరు సంబరపడగా మరొకరు చిన్నబుచ్చుకొన్నారు.

ఆస్కార్ విషయంలో కొన్ని మార్పులు ఆ తరువాత వచ్చాయి. 2023లో కీరవాణి, చంద్రబోస్, ఎన్‌టీఆర్, రామ్‌చరణ్, ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్, కళాదర్శకుడు సాబు సిరిల్‌లను సభ్యులుగా చేరవలసినదిగా అకాడమీ ఆహ్వానించింది. 2024లో రాజమౌళికీ, రమా రాజమౌళికీ, ప్రేమ్ రక్షిత్‌కూ ఆహ్వానం అందింది. పోరాట దృశ్యాల రూపకల్పనకు కొత్తగా ఒక ఆస్కార్ ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2027లో విడుదలయ్యే చిత్రాలతో, 2028లో జరిగే 100వ ఉత్సవం నుండి అది అమలవుతుంది. ఆ ప్రకటనతో పాటు అకాడమీ ఉంచిన చిత్రాలలో 'ఆర్ఆర్ఆర్' దృశ్యం ఒకటి. నృత్య దర్శకత్వం గురించి అందులో ప్రస్తావన లేదు.